బళ్ళిగావి మఠములు : ఒక దినపు యాత్రాపాఠము



మఠమనగానే మన పిల్లలకు తోచునది ఒక సింహాసనము, దానిపై కూర్చున్న స్వామివారు, ఎదుట పాదోదక ప్రసాదములకై బారులు తీరిన జనము. ఇందు తప్పేమియు లేదు. కాని ఎనిమిది వందల యేండ్ల క్రిందట మఠమనగా నేమి, అందెవరుండిరి, ఏమి చదివిరి, ఎవరికి అన్నము పెట్టిరి అని యడిగినచో పిల్లలే కాదు, పెద్దలమైన మనమును తడుముకొందుము. ఈ ప్రశ్నకు పుస్తకముకంటె ఒక ఊరు చక్కగా బదులు చెప్పును. ఆ ఊరు బళ్ళిగావి. ఒక దినమున చూచి రాదగినది. మా వారికి నేను చూపించిన క్రమముననే ఇచట పాఠముగా వ్రాయుచున్నాను.

బళ్ళిగావి కర్ణాటకమున శివమొగ్గ జిల్లాలో, శికారిపుర తాలూకాలో, శిరాళకొప్ప పట్టణమునకు చేరువనున్నది. శివమొగ్గ నుండి ఇంచుమించు 70 కిలోమీటర్లు. నేడు చిన్న పల్లె. వరిమళ్ళు, పెంకుటిండ్లు, చెఱువు. కళ్యాణ చాళుక్యుల కాలమున ఇది బనవాసి 12000 అను నాటికి రాజధాని. (ఈ 12000 అన్నది గ్రామముల లెక్కయా, పన్ను లెక్కయా యని చరిత్రకారులు వాదించుకొనుచుందురు. ఆ జోలి మనకు వలదు.) శాసనములు దీనిని అనాది రాజధాని యనియు, దక్షిణ కేదారమనియు పేర్కొన్నవి. మూడు పురములు, ఏడు బ్రహ్మపురులు, ఐదు మఠములు ఇచట ఉండెనట. ఆ ఐదు మఠములును ఒక్క మతమువారివి కావు. హరికి, హరునికి, బ్రహ్మకు, జినునికి, బుద్ధునికి చెందినవి. ఈ ఒక్క సంగతిని పిల్లలచే బస్సులోనే రెండుమార్లు చెప్పించితిని. దీనిని మనసున నిలుపుకొననిచో తరువాత చూచునదంతయు రాళ్ళుగానే మిగులును.

మేము మొత్తము పదునెనిమిది మందిమి. నాలుగు కుటుంబములు, ఉన్నత పాఠశాల పిల్లలు ఆరుగురు, మఠసేవలో తలపండిన పెద్ద ఒకరు, ఎనుబది దాటిన ఒక అవ్వ. అవ్వకు చెవులు సరిగా వినబడవు. ఇంటివద్ద నుండుమని కొడుకు ఎంత చెప్పినను వినక, అక్కమ్మ పుట్టిన చోటు చూడక చావనని పట్టుపట్టి వచ్చెను. దారి చూపుటకు ఆ ప్రాంతపు విశ్రాంత కన్నడ ఉపాధ్యాయులొకరు దయతో అంగీకరించిరి. వారు కన్నడమున చెప్పుచుండగా నేను తెలుగు చేయుచుంటిని. ఇట్టి యాత్రకు ఊరెరిగిన మనిషి తప్పక కావలెను. శాసనమున్న రాయి ఏదో, దానిని ఏ వేళ చూడవలెనో ఊరివారికే తెలియును. మమ్ములను వారు ఉదయము ఎనిమిదింటికే రమ్మనిరి. ఏటవాలు ఎండ పడినప్పుడు అక్షరపు గాడిలో నీడ నిలిచి చదువుటకు వీలగును, మిట్టమధ్యాహ్నమున రాయియంతయు ఒకటే తెలుపు. కొందరు అక్షరములు కనబడుటకు సుద్దయో పిండియో పూయుదురు. అది రాతికి కీడు. మా పిల్లడొకడు జేబులో సుద్దముక్క తెచ్చుకొనగా దానిని ముందే తీసికొంటిని.

మొదట కేదారేశ్వరాలయమునకు పోతిమి. చెఱువు ప్రక్కన, చదునైన నేలపై, మూడు గర్భగుడుల త్రికూటాలయము. పడమటి గుడిలోను దక్షిణపు గుడిలోను లింగములు, ఉత్తరపు గుడిలో జనార్దనుడు. మూడును ఒక మహామంటపములోనికి తెరచుకొనును. దానికి ముందు మూడు దిక్కుల తెరచియున్న విశాలమైన సభామంటపము, చుట్టును కూర్చుండుటకు రాతి అరుగులు. మెత్తని రాతిని తరచి నునుపు దేల్చిన స్తంభములలో మన ముఖము నీడవలె కనబడును. శిఖరముల ముందు సింహముతో పోరాడు వీరుని బొమ్మలు కలవు. అది హొయసలుల చిహ్నము. ఆలయము చాళుక్యుల పద్ధతిది, ఈ బొమ్మలు తరువాత చేర్చినవి.

పిల్లలలో చిన్నవాడు చుట్టును తిరిగివచ్చి, “సార్, గుడి బాగున్నది. మఠమెక్కడ?” అని యడిగెను.

మంచి ప్రశ్న. నేను బదులు వెదకుకొనుచుండగా ఉపాధ్యాయులవారు నవ్వి, “మీరు నిలిచినదే మఠము” అనిరి. కోడియ మఠమని దీనికి పేరు. కన్నడమున కోడి యనగా చెఱువు నిండి పొరలు చోటు, మనము అలుగు అందుము. అలుగు దగ్గరి మఠము గనుక కోడియ మఠమైనదని చెప్పుదురు. సన్న్యాసులు పడుకొనిన గదులు, వంటయిల్లు, రోగులుండిన సాలలు నేడు కంటికి కనబడవు. రాతితో కట్టిన దేవుని ఇల్లు నిలిచినది. తక్కిన మఠమంతయు శాసనములో నున్నది. కనుక బళ్ళిగావిలో మఠమును చూచుట యనగా శాసనమును చదువుటయే.

ఆ శాసనము క్రీ.శ. 1162 నాటిది. బి.ఎల్. రైసు దొర సేకరించిన ఎపిగ్రాఫియా కర్ణాటిక ఏడవ సంపుటమున 1902లో అచ్చయినది. అందు మఠవర్ణన యొక పెద్ద జాబితా. దానిని నా మాటలలో చెప్పెదను. అది నైష్ఠిక బ్రహ్మచారులైన శివమునుల అనుష్ఠానమునకు నెలవు. నాలుగు వేదములు అంగములతో కూడ చదువుకొను చోటు. కౌమారము, పాణినీయము, శాకటాయనము మొదలైన వ్యాకరణములకు వ్యాఖ్యలు చెప్పు చోటు. న్యాయము, వైశేషికము, మీమాంస, సాంఖ్యము, బౌద్ధము మున్నగు దర్శనములు, లాకుల సిద్ధాంతము, పాతంజల యోగము, పదునెనిమిది పురాణములు, ధర్మశాస్త్రములు, కావ్యములు, నాటకములు అచట నడచుచుండెను.

ఇంతవరకు వినినప్పుడు మా పెద్దలు తలలూపిరి. వ్యాకరణముల పేర్లు వచ్చినప్పుడు నాకు మాత్రము ప్రాణము లేచివచ్చెను. బాలవ్యాకరణముతో కుస్తీపట్టి పండిత శిక్షణ గట్టెక్కినవానికి ఆ మాత్రము ముచ్చట సహజము. అందునను శాకటాయన శబ్దానుశాసనము రాష్ట్రకూట అమోఘవర్షుని కాలపు జైన పండితుడు రచించిన గ్రంథము. శైవుల మఠమున జైనుని వ్యాకరణమును పాఠము చెప్పిరి, బౌద్ధ దర్శనమును చదివిరి. ఖండించుటకే చదివిరని యనవచ్చును. అట్లే కానిండు, ఎదుటివాని మాట పూర్తిగా చదివిన తరువాతనే ఖండించిరి గదా!

జాబితా అచటితో ఆగలేదు. దీనులు, అనాథలు, కుంటివారు, గ్రుడ్డివారు, చెవిటివారు, వీరికి అచట అన్నము పెట్టిరి. కథలు చెప్పువారికి, పాడువారికి, వాద్యకారులకు, పిల్లనగ్రోవి యూదువారికి, ఆడువారికి, వైతాళికులకు పెట్టిరి. దిగంబరులకు, క్షపణకులకు, ఏకదండులకు, త్రిదండులకు, హంస పరమహంసలకు, నానాదేశముల భిక్షుకులకు పెట్టిరి. దిక్కులేని రోగులను చేర్చుకొని మందిచ్చిరి. సకల ప్రాణులకు అభయమిచ్చు స్థానమని వర్ణన ముగియును.

అవ్వ నా మోచేయి పట్టి లాగి, “ఏమన్నడు బిడ్డా, జర గట్టిగ చెప్పు” అనెను. నేను ఆమె చెవిదగ్గర వంగి మరల చెప్పితిని. కుంటివారు, గ్రుడ్డివారు, చెవిటివారు అనగానే అవ్వ నన్నాపి, “చెవిటోళ్ళకు గూడనా? గది గూడ రాసిన్రా రాయి మీద?” అని యడిగెను. వ్రాసిరంటిని. అవ్వ పోయి ఆ రాతిని అరచేతితో తాకి చేయి కన్నులకద్దుకొనెను. శాసనములను తాకరాదని పిల్లలకు చెప్పిన నేనే ఆ క్షణమున ఆమెను వారింపలేదు.

ఈ మఠము ఎవరిది? కాలాముఖ శైవులది. కాలాముఖులనగానే కపాలమున తిని, శవభస్మము పూసికొని తిరుగువారని వైష్ణవాచార్యుల గ్రంథములలో చదువుదుము. రామానుజులవారును అట్లే వ్రాసిరి. కర్ణాటకమున దొరకిన శాసనములు మాత్రము మరియొక రూపమును చూపుచున్నవి. పండితులు, మఠపాలకులు, వాదములలో ఆరితేరినవారు, అన్నసత్రములు నడపినవారు. కోడియ మఠమున కేదారశక్తి, ఆయన శిష్యుడు శ్రీకంఠుడు, ఆయన శిష్యుడు సోమేశ్వరుడు, తరువాతి కాలమున గౌతముడు, వామశక్తి అను ఆచార్యుల పేర్లు వరుసగా తెలియుచున్నవి. వామశక్తి పండితుని 1168 నాటి శాసనము వ్యాకరణమున పాణిని యనియు, నాట్యసంగీతములలో భరతముని యనియు, కావ్యమున సుబంధుడనియు, సిద్ధాంతమున లకులీశ్వరుడనియు, శివపాదసేవలో స్కందుడనియు కీర్తించినది. శాసనకవులు పొగడుటలో పిసినారులు కారు. సగము తీసివేసినను చాలినంత మిగులును.

ఇచట తెలుగువారు చెవియొగ్గవలసిన మాట యొకటి కలదు. ఈ గురుపరంపర తన్ను తాను శక్తిపరిషత్తునకు చెందిన పర్వతావళి యని చెప్పుకొన్నది. పర్వతమనగా శ్రీపర్వతము, మన శ్రీశైలము కావచ్చునని చరిత్రకారుల అభిప్రాయము. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైలమును గూర్చి వ్రాసిన భాగమునకును పర్వత ప్రకరణమనియే పేరు. మలెనాటి చెఱువుగట్టున నిలిచిన మఠము తన వేరును నల్లమల కొండలో చెప్పుకొనుచున్నదన్నప్పుడు మావారందరును ఒక్కసారి నావంక చూచిరి. బస్సులో కునికిపాట్లు పడినవారు కూడ.

శాసనమున దాత పేరు చెప్పినప్పుడు చర్చ ముదిరెను. 1162లో ఈ మఠమునకు దానము చేసినది బిజ్జలుడు. దక్షిణ ప్రాంతమును లోబరచుకొనుటకు వచ్చి, బళ్ళిగావిలో విడిసియుండి, మఠమునకు ఈ దానము చేసెను. పదవ తరగతి పిల్ల లేచి, “సార్, బిజ్జలుడంటే మన బసవన్నను కష్టపెట్టిన రాజు కదా? ఆయన మఠానికెందుకు దానమిచ్చినాడు?” అని యడిగెను.

ఆ కాలమును మనసునకు తెచ్చుకొనుడు. అప్పటికి కళ్యాణమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువులోనే యుండెను. అనుభవ మంటపము నడచుచున్న దినములవి. హరళయ్య, మధువయ్యల కథ, కళ్యాణ విప్లవము ఇంకను జరుగవలసియున్నవి. బసవన్న లింగైక్యము 1167 ప్రాంతమున. కనుక కళ్యాణమున శరణులు, బళ్ళిగావిలో కాలాముఖులు, ఇద్దరును ఒకే రాజు క్రింద, ఒకే కాలమున, శివుని పేరనే రెండు దారులలో నడచుచుండిరి.

ఆ పిల్లకు నేను చెప్పిన బదులిది. రాజులు మఠములకు దానమిచ్చుట వింత కాదు. తైలపుని చేతిలోని రాజ్యమును లాగుకొనిన బిజ్జలునకు పెద్ద మఠపు ఆశీర్వాదము ఎంతయు అవసరము. దానమును బట్టి రాజు మంచివాడనియు, మఠము చెడ్డదనియు తేల్చుటకు తొందరపడరాదు. మనము చూడవలసినది ఆ అన్నము ఎక్కడినుండి వచ్చినదను సంగతి. కోడియ మఠపు అన్నము రాజు ధారపోసిన ఊళ్ళ ఆదాయమునుండి వచ్చినది. ఆ ఊళ్ళలో దున్నినవాడెవడో శాసనము చెప్పదు. బసవన్న చెప్పిన దాసోహము కాయకమునుండి రావలెను. చెప్పులు కుట్టినవాడు, బట్టలుతికినవాడు, కట్టెలు కొట్టినవాడు తన కష్టార్జితములో భాగము తెచ్చి జంగమునకు పెట్టవలెను. ఆకలిగొన్నవానికి రెండు అన్నములును ఒకటే. పెట్టువానికి మాత్రము ఒకటి కాదు. పిల్ల కొంతసేపు ఆలోచించి, “అయితే రాజు పోతే ఆ మఠము పోతుంది కదా సార్” అనెను. చుట్టును ఉన్న నిశ్శబ్దమును చూచి ఆ మాట తానే పట్టుకొనెను. నేను చెప్పినది కాదు.

పంచలింగ మఠమును గూర్చియు అచటనే చెప్పుకొంటిమి. అదియు కాలాముఖులదే, కోడియ మఠముకంటె ముందు పేరుకెక్కినది. 1036లో చాళుక్య జయసింహుడు పాండవులు ప్రతిష్ఠించిరని చెప్పు పంచలింగములకు దానమిచ్చి, లకులీశ్వర పండితుని కాళ్ళు కడిగెను. ఈ పండితునికి వాది రుద్రగుణుడని మారుపేరు. బౌద్ధులను, మీమాంసకులను, లోకాయతులను, జైనులను వాదములో చిత్తుచేసినవాడని ఆయన బిరుదుల వరుస చాంతాడంత యుండును. ఆ మఠపు శాసనములో పరాజితుల జాబితా, ఈ మఠపు శాసనములో భోజనము చేసినవారి జాబితా. ఒకే ఊరు, ఒకే మతశాఖ, నడుమ నూట ఇరువదియారు సంవత్సరములు. నాకు రెండవ జాబితాయే గొప్పదిగా తోచినది. మా మఠసేవకులైన పెద్దలు దీనికి ఒప్పుకొనలేదు. వాదములో గెలువని మతము అన్నము పెట్టుటకు మాత్రము ఎంతకాలము నిలుచునని వారి ప్రశ్న. ఈ ప్రశ్నయు త్రోసివేయదగినది కాదు.

భోజనవేళ చెఱువుగట్టు చెట్ల క్రింద జొన్నరొట్టెలు, పల్లీల పొడి విప్పితిమి. అప్పుడా పెద్దలే, “ఇంతకు ఇది మన మఠమే యని వ్రాయరాదా? కాలాముఖులే తరువాత వీరశైవులైరి గదా?” అనిరి. కాలాముఖ మఠములు పెక్కు తరువాతి శతాబ్దములలో వీరశైవ మఠములైనవని చరిత్రకారులు చెప్పుదురు, నిజము. కాని 1162లో ఈ మఠమున నున్నవారు ఇష్టలింగధారులని ఈ శాసనము చెప్పలేదు. వారు బ్రహ్మచారులైన సన్న్యాసులు. వారి చదువు సంస్కృతము. కళ్యాణమున మహామనెలో ఆడువారును, మాదిగ హరళయ్యయు, మడివాల మాచయ్యయు కూర్చుండి కన్నడమున వచనములు చెప్పుచుండిరి. రెంటిని కలిపి మనదే యనినచో శరణులు చేసిన క్రొత్త పని యేమో పిల్లలకు తెలియకుండ పోవును. చుట్టరికమున్నంత మాత్రమున ఇల్లొకటి కాదు. పెద్దలు నవ్వి, “పంతులూ, నీవు వ్యాకరణము వదలవు” అని రొట్టె నా చేతిలో పెట్టిరి.

ఆ చుట్టరికమునకును, ఆ భేదమునకును ఒకే మనిషి సాక్షి. ఆయన అల్లమప్రభువు. బళ్ళిగావి ఆయన జన్మస్థలమని కన్నడ కవుల సంప్రదాయము. హరిహర కవి రగళలో ఆయన ఈ ఊరి గుడిలో మద్దెల వాయించువాడు. చామరసుని ప్రభులింగలీలెలో కథ వేరు రంగు దాల్చును. మన పిడుపర్తి సోమనాథుడు దానినే తెలుగు చేసెను గనుక మన ఇండ్లలో ఎక్కువగా వినబడునది ఆ కథయే. హరిహరుని మాట పట్టుకొని శాసనపు జాబితాను మరల చూడుడు. వేదము చదువువారు ఒకవైపు. వాద్యకారులు కుంటి గ్రుడ్డివారి తరువాత, అన్నము పెట్టబడువారి వరుసలో. మద్దెల వాయించు యువకునికి ఈ ఊరి మఠమున దొరకు చోటు ఆ వరుసయే. కళ్యాణమున ఆ యువకుడే శూన్యసింహాసనముపై కూర్చుండెను. బసవన్న, చెన్నబసవన్న, సిద్ధరాముడు ఆయన యెదుట చేతులు కట్టుకొని నిలిచిరి. కోడియ మఠము మద్దెలవానికి అన్నము పెట్టినది, అనుభవ మంటపము ఆయన మాట వినినది. ఈ భేదమును నేను సభామంటపపు అరుగుపైన కూర్చుండి చెప్పితిని. వాదములు జరిగినవి అట్టి అరుగులపైననే గదా యని పిల్లలు చప్పున లేచి ఒకరివెనుక నొకరు ఆ అరుగులెక్కి కూర్చుండిరి.

తక్కిన ఊరిని వేగముగా చూచితిమి. త్రిపురాంతకాలయపు గోడల అడుగున పంచతంత్ర కథలు చెక్కియున్నవి. హంసలు కర్ర పట్టుకొని తాబేటిని మోసికొనిపోవు బొమ్మను పిల్లలే గుర్తుపట్టిరి. ఆ ద్వారబంధపు పనితనము చూడవలసినదే గాని వ్రాయునది కాదు. కొన్ని బొమ్మలు పిల్లలకు చూపదగినవి కావు. ఉపాధ్యాయులవారు చాకచక్యముగా మమ్ము అటువైపు పోనీయలేదు. 1047లో చాముండరాయడు నిలిపిన గండభేరుండ స్తంభము సుమారు ముప్పది అడుగుల ఎత్తుండును. దానిపై రెండు పక్షితలలు, మనిషి శరీరముతో భేరుండుడు. బౌద్ధుల గుర్తును చూపుమని నేను కోరగా తారాభగవతి కథ చెప్పిరి. 1065లో రూపభట్టయ్య యను మంత్రి ఇచట జయంతీ ప్రబౌద్ధ విహారమును కట్టించెను. దక్షిణమున బౌద్ధము అణగారినదని మనము పాఠములు చెప్పు కాలమున ఇచట క్రొత్త విహారము లేచుచుండెను.

ఇట్టిది మన తెలుగునాట లేదాయని ఒక తల్లి యడిగెను. ఉన్నది. గుంటూరు జిల్లా తుళ్ళూరు మండలమున మల్కాపురమను ఊరిలో నందితో కూడిన శాసనస్తంభము కలదు. 1261లో కాకతి రుద్రమదేవి గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శంభువునకు మందడము గ్రామమును దానమిచ్చెను. ఆయన ఆ ఆదాయమును మూడు భాగములు చేసి, ఒకటి శివాలయమునకు, ఒకటి విద్యార్థులకును మఠమునకును, ఒకటి ప్రసూతిశాల, ఆరోగ్యశాల, విప్రసత్రములకును కేటాయించెను. అన్నసత్రమున బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినను ఎల్లవేళల అన్నము పెట్టవలెనని శాసించెను. ఏడువందల యేండ్లకు పూర్వమే తెలుగుగడ్డపై ప్రసవమునకు ఒక శాల! వైద్యునికి, లేఖకునికి సైతము అందు జీతము వ్రాసియున్నది. ఆ గోళకీ శైవులు కాలాముఖులు కారు, వేరు శాఖవారు. ఐనను చదువు, అన్నము, మందు అను మూడింటిని మఠపు పనిగా ఇద్దరును ఎంచిరి.

నేను ఈ జాబితాలపై ఇంత సేపు నిలుచుటకు కారణము చెప్పక తప్పదు. నా చదువు ఒక మఠపు ప్రసాదనిలయమున సాగినది. ఏడేండ్లు రెండుపూటల ఆ మఠపు కంచములో తింటిని. వరుసలో నా ప్రక్కన కూర్చున్నవాని కులమేదియో నాకు నేటికిని తెలియదు, అడిగినచో వార్డెను అయ్యగారు బెత్తము తీసెడివారు. ఆ నిలయము మూతపడి చాలకాలమైనది. గదులు అంగళ్ళకు అద్దెకిచ్చిరి. అద్దె డబ్బుతో గోపురమునకు రంగులు వేయించిరి. ఎవరిని నిందించుటకు వ్రాయుటలేదు, పిల్లలు చేరుట తగ్గినది, వంటవారు దొరకలేదు, కారణములుండును. తుమకూరు సిద్ధగంగలో నేటికిని వేలమంది పిల్లలకు అన్నము, చదువు కలిసి సాగుచున్నవి. శివకుమార స్వామివారు 2019లో లింగైక్యమైన తరువాతను ఆగలేదు. అది యచట సాగినప్పుడు మరియొక చోట ఎందుకు సాగదని నేను అడిగినచో, మా మఠసేవకులైన పెద్దలు చెఱువువంక చూచుచు, “ఆ నిలయము తాళపుచెవి నా దగ్గరనే యున్నది పంతులూ” అనిరి. అంతకుమించి ఏమియు అనలేదు. నేనును అడుగలేదు.

మధ్యాహ్నము మూడింటికి తాళగుంద పోతిమి, దగ్గరనే. ప్రణవేశ్వరాలయము ముందు కదంబుల స్తంభశాసనమున్నది. ఐదవ శతాబ్దమున కుబ్జుడను కవి వ్రాసినది. మయూరశర్మ గురువుతో కూడ కంచి ఘటికకు చదువుకొనపోయి, పల్లవ ఆశ్వికునితో కలహించి, దర్భలు పట్టిన చేత కత్తి పట్టి రాజ్యము స్థాపించిన కథ అందున్నది. చదువుకొనబోయి రాజైనవాని కథ పిల్లలకు తెగ నచ్చెను. ఏకాంత రామయ్య శాసనమున్న అబ్బలూరునకు పోవలెనన్నచో మరియొక దినము కావలెను. బసవపురాణమున మనము చదువు ఆ కథకు 1200 ప్రాంతపు రాతిసాక్ష్యము అది. అందు తలపడిన పక్షముల సంగతి పిల్లలకు చెప్పుటకు ముందు పెద్దలు చదివికొని పోవుట మంచిది.

యాత్రకు పోవువారికి కొన్ని మాటలు. శివమొగ్గలో రాత్రి బసచేసి తెల్లవారుజామున బయలుదేరుట మేలు. వానకాలమున ఆ ప్రాంతమున ముసురు విడువదు, కార్తికము మొదలు మాఘము వరకు బాగుండును. బళ్ళిగావిలో హోటళ్ళు వెదకవలదు, అన్నము కట్టుకొని పొండు. శిరాళకొప్పలో అన్నియు దొరకును. కేదారేశ్వరాలయము చెంత భద్రపరచిన విగ్రహములను తప్పక చూడుడు. ముందురోజు పిల్లలచే శాసనపు జాబితాను తెలుగులో వ్రాయించుడు. అది చేతనున్నచో రాతి ముందు నిలిచినప్పుడు కన్నడము రాకున్నను దిగులుండదు.

ప్రొద్దు వాలువేళకు ఉడుతడి చేరితిమి. అక్కమహాదేవి పుట్టినదని చెప్పు ఊరు ఇది. ఈ మధ్య నిలిపిన ఎత్తైన విగ్రహము దూరమునుండియే కనబడును. అవ్వ విగ్రహమును ఒక్కసారి చూచి, దానిని వదలి నేలపై కూర్చుండి గుప్పెడు మన్ను తీసి కొంగున కట్టుకొనెను. తరువాత ఉపాధ్యాయులవారిని పిలిచి, అక్కమ్మ ఇచటినుండి కళ్యాణము పోయి, అచటినుండి శ్రీశైలము పోయెను గదా, మొత్తము ఎంత దూరమని యడిగించెను. వారు వేళ్ళపై లెక్కించి వందల మైళ్ళు ఉండునమ్మా యనిరి. నేను చెవిదగ్గర గట్టిగా చెప్పితిని.

“ఒక్కతేనే నడిసిందా?” అని అవ్వ అడిగెను.

ఒక్కతెయే నడచెనంటిని. అవ్వ కొంగు ముడి మరియొకసారి బిగించి, చేయి నా భుజముపై వేసి లేచెను. బస్సు దగ్గర పెద్దలు అప్పటికే పిల్లలను లెక్కపెట్టుచుండిరి.